నల్లకారుకు పదహారో పరీక్ష

లక్కోజు సోమాచారి తన జన్మలో చేసిన పెద్ద పొరపాటు ఒక్కటే. ఒక సోమవారం పూట, ఒక ప్రభుత్వ కార్యాలయం వెనక రేకుల షెడ్డులో, నల్లకారు పక్కన నిలబడి, ఉప సంచాలకుల వారికి ఉన్న నిజం చెప్పాడు. అదైనా కాస్త తిప్పి తిప్పి చెప్పి ఉంటే బతికిపోయేవాడు. అర్థమయ్యేలా చెప్పాడు. దాని ఫలితం మూడు నెలలు అనుభవించాడు.

ఆయన ఆటోనగర్‌లో కార్లకు మెషిన్ పాలిష్ పెడతాడు. తాతలు తలుపులకీ మంచాలకీ లక్క మెరుగు పెట్టినవాళ్లు. ఈయన కాలానికి జనం మంచాలను పట్టించుకోవడం మానేసి కార్లను ముద్దు చెయ్యడం మొదలుపెట్టారు కనక, చేతులు అవే ఉన్నాయి, వస్తువు మారింది. ఇరవై రెండేళ్లలో ఆయన మెషిన్ కింద ఒక్క కారు కూడా రంగు ఊడి లోపలి ప్రైమర్ పూత బయటపెట్టుకోలేదు. ఆటోనగర్‌లో ఈ మాట ఇంకెవరన్నా అంటే పక్క షాపువాడు గట్టిగా దగ్గుతాడు. సోమాచారి అన్నప్పుడు మాత్రం ఒక్కడూ దగ్గడు. ఆయనకున్న పేరూ పొగరూ ఆ ఒక్క ముక్కే.

ఇక ఆ కార్యాలయం సంగతి. రాష్ట్ర అతిథి వాహన సౌష్ఠవ సంస్థ అని దాని పేరు. పై ఊళ్ల నుంచి వచ్చే పెద్దమనుషులను స్టేషన్ నుంచి గెస్ట్‌హౌస్‌కీ, గెస్ట్‌హౌస్ నుంచి స్టేషన్‌కీ చేరవెయ్యడం దాని పని. ఆ ఏడు ప్రభుత్వానికి పారదర్శకత మీద మనసు పడింది. పారదర్శకత కావాలని అందరూ ఉపన్యాసాలు ఇస్తున్నారు గాని, అది ఎంత వచ్చిందో కొలిచే మార్గం ఎవరికీ తోచలేదు. చివరికి రాజధానిలో ఒక మేధావికి తోచింది. మెరుపు ఉన్నచోట దాపరికం ఉండదు, కాబట్టి అన్నీ మెరిపిస్తే సరి. వెంటనే సర్క్యులర్ వచ్చింది: “ప్రతి ప్రభుత్వ వాహనమునందును, మూడు మూరల దూరము నుండి, సగటు పౌరుడు తన ముఖమును తాను స్పష్టముగా చూచుకొనగలగవలెను.” దానికోసం కాంతి పక్షోత్సవం అని పదిహేను రోజుల పండగ కూడా ప్రకటించారు. ఉత్సాహం ఆగక ఒక ఆఫీసువాళ్లు మెట్లకు నూనె పట్టించారు. అర్జీలతో వచ్చిన ముగ్గురు పౌరులు ఆ మెట్లలో తమ ముఖాలను మరీ దగ్గరగా చూసుకున్నారు.

అతిథి వాహనాల్లో పెద్దది నల్లకారు. పదకొండేళ్ల కిందట దాన్ని షోరూము నుంచి తోలుకొచ్చింది డ్రైవర్ కోటిలింగం. అప్పటి నుంచి దాన్ని ఆయన తప్ప మరొకరు తాకలేదు. రోజూ పొద్దున్నే భుజం మీది తువ్వాలు తీసి దుమ్ము మీదే బరబరా తుడిచేవాడు. ప్రేమగానే తుడిచేవాడు. ఆ ప్రేమంతా కారు ఒంటి మీద సన్నసన్న గీతలై నిలిచిపోయింది. ఎండలో చూస్తే నల్లరంగు మీద బూజు పట్టినట్టుండేది. గీతలు పెట్టినందుకు కోటిలింగానికి ఇప్పటికి మూడు మెమోలు వచ్చాయి.

పండగలోపు దాన్ని మెరిపించడానికి పిలిపించిన సోమాచారి కారు చుట్టూ తిరిగి, టార్చిలైటు వేసి, వంగి, పక్కకు తల వాల్చి చూశాడు.

“ఒక్క రోజు పనండి,” అన్నాడు.

ఉప సంచాలకులు హయగ్రీవరావు గారు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. ఆయన ఏ పని దగ్గర నిలబడినా శంకుస్థాపనకు వచ్చినట్టే ఉంటుంది. “ఏం వాడతావు? ఎందుకు వాడతావు? ప్రభుత్వ ఆస్తి మీద చెయ్యి వేసేముందు మాకు తెలియాలి కదా,” అన్నారు.

అప్పుడు చెప్పాడు సోమాచారి ఆ నిజం.

“రంగు మీద అద్దంలాంటి పొర ఒకటుంటదండి. క్లియర్ కోటంటాం. ఉల్లిపొర కంటే పల్చన. ఈ గీతలన్నీ ఆ పొరలోనే ఉన్నయ్. పాలిషంటే గీతని పూడ్చటం కాదండి, గీత అడుగుదాకా పొరని అరగదియ్యటం. అరిగింది మళ్లీ రాదు. అందుకని ముందు మెత్తటి ప్యాడు, సన్న పాలిషు పెట్టి జానెడు చోట రుచి చూస్తాం. గీత పోయిందా, అదే చాలు. పోలేదా, ఒక మెట్టు గట్టిది. ఎప్పుడైనా మెత్తదాంతోనే మొదలెట్టాలండి.”

“రుచి చూస్తావా?”

“మా ఆవిడ పులుసులో ఉప్పు చూసినట్టేనండి. చుక్క చాలు.”

చెప్పడమే కాదు, చేసి చూపించాడు. బానెట్ మీద జానెడు చోటు కొలిచి, చుట్టూ టేపు అంటించి, మెషిన్‌కి మెత్తటి స్పాంజి ప్యాడు తగిలించి, బటాణీ గింజంత పాలిష్ వేసి, అడ్డంగా రెండుసార్లూ నిలువుగా రెండుసార్లూ నడిపి, గుడ్డతో తుడిచాడు. కోటిలింగం వంగి చూశాడు. నల్లటి నీళ్లలోంచి ఒక మొహం ఆయన వంక చూసింది.

“ఓరి దేవుడో! నా మీసం కనపడతంది!” అన్నాడు. పదకొండేళ్లుగా ఆ కారు ఆయన్ని గుర్తుపట్టలేదు మరి.

లోకంలో ఇంకెక్కడైనా సోమాచారి తక్కిన కారుకూ అదే పెట్టి, సాయంత్రానికి పెట్టె సర్దుకుని ఇంటికి పోయేవాడు. కాని హయగ్రీవరావు గారి కళ్లలో ఏదో వెలిగింది.

“నీ పెట్టెలో ఎన్ని రకాల ప్యాడ్లున్నాయి?”

“ఐదండి. ఊలుది, మైక్రోఫైబర్‌ది, స్పాంజిలో గట్టిది, మధ్యరకం, ఈ మెత్తది.”

“పాలిష్‌లు?”

“మూడండి. బరక కాంపౌండు, మధ్యరకం, సన్నది.”

“ఐదు మూళ్లు పదిహేను. పదిహేను జోడీలుండగా ఒక్కదాన్ని పరీక్షించి, అదే బాగుందంటే, రేపు ఎవరైనా ఎందుకని అడిగితే నేనేం చెప్పాలి?”

“గీత పోయిందని చెప్పండి.”

“గీత పోవడం ఫలితమయ్యా. ఎంపిక అనేది పద్ధతి. ఫలితం ఉండి పద్ధతి లేకపోతే దాన్ని పక్షపాతం అంటారు.”

మెత్తటి ప్యాడు మీద తనకేమీ పక్షపాతం లేదని సోమాచారి చెప్పబోయాడు. అప్పటికే ఆయన గుమ్మం దాటిపోయారు.

నాలుగో రోజుకల్లా ఉత్తర్వు వెలువడింది. హయగ్రీవరావు గారి అధ్యక్షతన ఏడుగురు సభ్యులతో ‘ఘర్షణ సాధన, ఘర్షణ ద్రవ్య ఎంపిక సంఘం’ ఏర్పాటైంది. ఉత్తర్వు మొదటి వాక్యం ఇది: “అత్యంత మృదువైన దానితో ఆరంభించి, అవసరమును బట్టి మాత్రమే కఠినమైన వాటికి పోవలెనను శాస్త్రీయ సూత్రమును ఈ సంస్థ తు.చ. తప్పక పాటించును.” తన మాట ప్రభుత్వ కాగితం మీద చూసుకుని సోమాచారి ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. పెళ్లాంతో, “మనం చెప్పిందే రాశారే,” అన్నాడు. పాపం, దాని తరవాత ఇంకో ఆరు పేజీలున్నాయని ఆయన చూసుకోలేదు.

మొదటి సమావేశం షెడ్డులోనే జరిగింది. పదిహేను జోడీలనూ పరీక్షించాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఎక్కడ పరీక్షించాలన్న దగ్గర చిక్కొచ్చింది. సోమాచారి బానెట్ చూపించాడు. ఒక సభ్యుడు లేచి నిలబడ్డాడు.

“అన్నీ బానెట్ మీదేనా అధ్యక్షా? ఎడమవైపు వెనక డోరు ఏం పాపం చేసింది? ముందున్నవాళ్లకే అన్ని అవకాశాలూ ఇస్తూ పోతే వెనకబడిన భాగాల గతేం కాను?”

షెడ్డంతా బల్లలు చరిచినట్టు చప్పట్లు. కారుకు మొత్తం పదకొండు భాగాలని లెక్క తేలింది. సమతుల్యత దెబ్బతినకుండా ప్రతి భాగం మీదా పదిహేను జోడీలూ పరీక్షించాలి. అంటే నూట అరవై ఐదు పరీక్షలు.

సోమాచారి బానెట్‌ను జానలతో కొలిచి చూశాడు. “సార్, బానెట్ మీద పదిహేను జానలు పెడితే ఇంక బానెట్టే మిగలదండి,” అన్నాడు. జేబులోంచి చిన్న మీటరు తీశాడు. బలపమంత ఉంటుంది, రంగు మీద ఆనిస్తే పొరలన్నీ కలిపి ఎంత మందమో అంకె చూపిస్తుంది. “చూడండి, ఇప్పుడు నూట ఇరవై. తొంభై ఐదుకి దిగితే నేను చెయ్యి పెట్టనండి. ఆ తరవాత పొర చచ్చిపోద్ది. ఎండకి రంగు పొట్టు లేచిపోద్ది.”

హయగ్రీవరావు గారు జాలిగా నవ్వారు. “అంకెను బట్టి పరీక్షలు నడవవయ్యా. పరీక్షలను బట్టే అంకె నడుచుకోవాలి.”

సోమాచారి పెట్టె సర్దుకున్నాడు. కోటిలింగం గేటు దాకా వెనకాలే వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

“ఆచారిగారూ, మీరు పోతే ఇంకో మెషినోణ్ణి తెస్తారండీ. వాడు ఊలు ప్యాడు తప్ప ఎరగడు. ఒక్క పూటలో తోలు ఒలిచి పెడతాడు. నా చేతులతో తెచ్చిన బండండీ ఇది. గీతలు పెట్టింది నేనే, కాదనను. తుడవటం చేతగాక పెట్టాను గాని పగబట్టి పెట్టలేదు గదా. దీని తోలు కాపాడండి, మీకు పుణ్యముంటది.”

ఆ మనిషి కళ్లలో నీళ్లు తిరిగాయి. సోమాచారి మెత్తబడ్డాడు. కారు ఒంటి మీది పొర నిలబెట్టాలి, అంతే. ఆ మాట కోటిలింగానికిచ్చి, పెట్టె మళ్లీ షెడ్డులో దింపాడు.

మాటయితే ఇచ్చాడు గాని నిజాయితీగా నిలబెట్టుకునే దారి కనిపించలేదు. అందుకని దొంగదారి పట్టాడు. సంఘం సభ్యులు పదకొండున్నరకు గాని వచ్చేవాళ్లు కాదు. వచ్చినవాళ్లు చూసేది పని కాదు, పక్కన అంటించిన చీటీ. ‘పరీక్ష నలభై రెండు. ఊలు ప్యాడు, బరక కాంపౌండు’ అని చీటీ మీద ఉంటే, అది ఊలు ప్యాడే. సోమాచారి పొద్దున్నే వచ్చి, నూట అరవై ఐదు చోట్లా అదే మెత్తటి ప్యాడు, అదే సన్న పాలిష్, పైపైన నడిపాడు. చీటీలు మాత్రం పదిహేను రకాలు అంటించాడు. ఇరవై రెండేళ్లలో ఆయన ఆడిన మొదటి అబద్ధం అది.

పన్నెండు రోజుల్లో పరీక్షలు ముగిశాయి. మీటరు నూట పదహారు చూపించింది. నాలుగంటే నాలుగే పోయాయి. జాన పక్కన జాన పడి కారంతా నిండిపోయింది కనక, ఈ సందడిలో ఎవరూ గమనించని విషయం ఒకటి జరిగింది. కారుకు పాలిష్ పెట్టడం అయిపోయింది. షెడ్డులో నల్లకారు చెరువు నీళ్లలా మెరుస్తోంది. కోటిలింగం దాని చుట్టూ పెళ్లికొడుకులా తిరుగుతున్నాడు. భుజం మీది పాత తువ్వాలు పారేసి మెత్తటి గుడ్డలు తెచ్చుకున్నాడు. బకెట్టు నిండా మంచినీళ్లు పోసి, దుమ్ము జారిపోయాక గాని గుడ్డ పెట్టడం లేదు.

“అయిపోయిందండి,” అన్నాడు సోమాచారి సమావేశంలో. “మూడు మూరలు కాదు, ఆరు మూరల నుంచి కూడా మొహం కనపడతంది. చూసుకోండి.”

“ఏమయిపోయింది?” అన్నారు హయగ్రీవరావు గారు. “ఎంపిక కానిదే పాలిష్ ఎలా అవుతుంది? ఇప్పుడు మెరుస్తున్నది పరీక్షల వల్ల. పరీక్షల మెరుపు వేరు, మంజూరైన మెరుపు వేరు.”

అసలు చిక్కు వేరే ఉంది. పదిహేను జోడీలూ ఒకే రకంగా మెరిశాయి. అందరికీ నూటికి నూరు. ఎవరు మొదట, ఎవరు చివర అన్నది తేలడం లేదు. సభ్యులు రెండు సమావేశాలు తలలు పట్టుకున్నారు. తన దొంగతనం తన మెడకే చుట్టుకుందని సోమాచారికి అప్పుడు తెలిసింది. చివరికి తీర్మానం వచ్చింది: “సమాన ఉత్తీర్ణత కారణముగా ఏర్పడిన ప్రతిష్టంభన దృష్ట్యా, సంఘ సభ్యుల ప్రత్యక్ష సమక్షమున పునఃపరీక్ష జరుపవలెను.”

“దేని మీద జరుపుతారండి? గీతలేవీ?” అన్నాడు సోమాచారి, బతికిపోయాననుకుని.

నిజమే. గీతలు లేవు. గీతలు లేకుండా గీతలు తీసే ప్యాడును పరీక్షించలేరు. తరవాత కోటిలింగానికి నాలుగో మెమో వచ్చింది.

“గత పదకొండు సంవత్సరములుగా మీరు వాహనమును ఏ విధముగా తుడిచి గీతలు ఏర్పరచితిరో, అదే విధముగా, అదే శ్రద్ధతో, మూడు దినములలో పూర్వస్థితిని పునరుద్ధరింపవలెను. అలసత్వము సహింపబడదు.”

కోటిలింగం మెమో పట్టుకుని సోమాచారి దగ్గర కూలబడ్డాడు. “గీతలు పెట్టానని మూడు, పెట్టమని ఒకటి. ఇంకెట్టా బతకాలండీ నేను?” అన్నాడు. మూడు రోజులూ తువ్వాలు పట్టుకుని కారు దగ్గరికి వెళ్లడం, చెయ్యి ఆడక వెనక్కి రావడం. నాలుగో రోజు ఐదో మెమో: “గీతల సాంద్రత ఆశించిన స్థాయిలో లేకపోవుట విచారకరము.” ఇక ఆయన వల్ల కాదని తేల్చుకుని, ఇద్దరు అటెండర్లను పురమాయించారు. వాళ్లు ఆవరణలోని ఇసక కుప్పలోంచి గుప్పెడేసి తీసి, తడిగుడ్డల్లో వేసి, అరగంటలో పదకొండేళ్ల పని చేసేశారు. కోటిలింగం మాత్రం బానెట్ మీద ఒకచోట రెండు అరచేతులూ ఆనించి నిలబడ్డాడు. సోమాచారి మొదటిరోజు రుచి చూసిన జానెడు చోటు అది. “ఇక్కడ కాదు. ముందు నన్ను గీకి తరవాత ఇక్కడ గీకండి,” అన్నాడు. అటెండర్లు ఆయన చేతుల చుట్టూ గీకి వెళ్లిపోయారు.

పునఃపరీక్ష ప్రారంభోత్సవానికి షామియానా వేశారు. మెషిన్‌కి పసుపూ కుంకుమా పెట్టి, వైరుకు రిబ్బను కట్టారు. మెత్తదానితో మొదలుపెట్టాలని సోమాచారి నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. ఊలు ప్యాడు తెల్లగా, బొద్దుగా ఫొటోలో నిండుగా కనిపిస్తుందని ఫొటోగ్రాఫర్ అన్నాడు. ఫొటోగ్రాఫర్ మాటే నెగ్గింది. ఊలు ప్యాడు, బరక కాంపౌండు ఎక్కించిన మెషిన్‌ను హయగ్రీవరావు గారు స్వహస్తాలతో అందుకున్నారు, బానెట్ అంచు మీద పెట్టారు, మీట నొక్కారు.

“సార్, కదుపుతా ఉండండి! అంచు మీద ఆపకూడదు!” అన్నాడు సోమాచారి.

“సార్, ఇటు చూడండి, కొంచెం నవ్వండి,” అన్నాడు ఫొటోగ్రాఫర్.

ఆయన ఇటు చూశారు, కొంచెం నవ్వారు. ఫొటోగ్రాఫర్‌కి వెలుతురు చాలలేదు. ఇంకొకటి తీశాడు. నిలువుగా ఒకటి తీశాడు. చప్పట్లలో సోమాచారి కేకలు ఎవరికీ వినపడలేదు. కాలిన వాసన తగిలి, ఆయన పరుగెత్తి ప్లగ్గు పీకేసేసరికి పని పూర్తయింది. నల్లటి బానెట్ అంచున లోపలి ప్రైమర్ బయటపడి అరచెయ్యంత బూడిదరంగు మచ్చ. మీటరు ఆనిస్తే నలభై ఒకటి.

సోమాచారి షామియానా గుంజ పక్కన చతికిలబడ్డాడు.

“మీ చెయ్యి కాదుగదండీ,” అన్నాడు కోటిలింగం మెల్లగా.

“మెషిన్ నాదేగా,” అన్నాడు సోమాచారి. ఇరవై రెండేళ్లుగా మోసుకొచ్చిన మాట అక్కడ మట్టిలో కలిసినట్టనిపించి, నలుగురిలో ఉన్నానన్న సంగతి కూడా మరిచి ఏడ్చేశాడు.

సంఘం మచ్చ చుట్టూ మూగింది. ఎడమ డోరు పక్షాన వాదించిన సభ్యుడు భూతద్దం పెట్టి చాలాసేపు చూసి, తలెత్తాడు.

“అధ్యక్షా, ఇక్కడ ఒక్క గీత కూడా లేదు.”

ఏడుగురూ వంగి చూశారు. నిజమే, లేదు. గీత ఉండాలంటే పొర ఉండాలిగా. హయగ్రీవరావు గారి ముఖంలోకి రక్తం తిరిగొచ్చింది. ఆ సాయంత్రమే నివేదిక తయారైంది: “ఊలు ప్యాడు, బరక కాంపౌండు జోడీ పరీక్షింపబడిన భాగమున గీతలు సమూలముగా నిర్మూలింపబడినవి. అవి తిరిగి ఏర్పడు అవకాశము కూడా శాశ్వతముగా తొలగింపబడినది. కావున ఈ జోడీకి ప్రథమ స్థానము ఇవ్వడమైనది.” మిగిలిన పద్నాలుగు జోడీలనూ ఇక పరీక్షించనక్కరలేదు. ఎంపికైన జోడీతో నల్లకారు మొత్తానికీ, ఆపైన సంస్థకున్న నాలుగువందల ఆరు వాహనాలకూ, ఇదే ఫలితం వచ్చేదాకా పాలిష్ పెట్టాలి. శుక్రవారం సంతకాలు.

బుధవారం నాడు సోమాచారి ఈ పని నుంచి తప్పుకుంటానని రాసిన కాగితం పట్టుకుని సూపరింటెండెంట్ శాంతకుమారి గారి బల్ల దగ్గరికి వెళ్లాడు. ఆమె ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ ఆఫీసులో ఫైళ్లు కాస్తోంది. సంఘం ఉత్తర్వులన్నీ ఆమె చేతిరాతే. చేసినవాళ్ల తెలివి ఎలాంటిదైనా ఆమె చేతిరాత మాత్రం ముత్యాల్లా ఉంటుంది. కాగితం చదివి, మడిచి, ఆయనకే ఇచ్చేసింది.

“మీరు పోతే బండి ఆగుద్దా?” అంది.

“ఆగదమ్మా. ఎంత చెప్పినా నా మాట వాళ్లకి ఎక్కట్లేదు.”

“మీ మాట ఎందుకు ఎక్కుద్ది బాబూ? వాళ్ల మాటయితే ఎక్కుద్ది.” ఆమె సంఘం ఉత్తర్వు తీసి మొదటి పేజీ ఆయన ముందు పెట్టింది. “మొదటి వాక్యం చదవండి.”

“అత్యంత మృదువైన దానితో ఆరంభించి...” సోమాచారి ఆగాడు. “ఇది నేను చెప్పిందేగదమ్మా. కాని వీళ్లు మెత్తదానికి కూడా పరీక్ష పెట్టామంటారు. చీటీలు అంటించింది నేనే.”

“దానికంటే మెత్తది లేదా మీ పనిలో?”

సోమాచారి ఆలోచించాడు. ఆటోనగర్‌లో తన షాపుకి వచ్చే బళ్లు కళ్లముందు కదిలాయి. వచ్చిన బండి వచ్చినట్టే మెషిన్ పెట్టడు ఆయన. ముందు కడుగుతాడు, చూస్తాడు. సగం బళ్లకి అంతకంటే అక్కర్లేదు. ‘ఇంకో రెండేళ్లు దీన్ని ముట్టుకోకండి’ అని చెప్పి, నీళ్లతో కడిగి పంపించేస్తాడు.

“ఉందమ్మా,” అన్నాడు. “ఏమీ పెట్టకపోవటం.”

శాంతకుమారి గారు తెల్లకాగితం తీసి, కలం మూత విప్పింది.

శుక్రవారం సంఘం ముందుకు ఒక విజ్ఞప్తి వచ్చింది. ప్యాడు లేకపోవుట, పాలిష్ లేకపోవుట అను పదహారవ జోడీ జాబితానుండి పొరపాటున జారిపోయినదనీ, ఇది మిగిలిన పదిహేనింటికంటె మృదువైనది అగుటచే సంఘము వారి సూత్రము ప్రకారము పరీక్షలు దీనితోనే ఆరంభము కావలసియుండెననీ, కాకపోవుటచే ఇప్పటివరకు జరిగిన ఎంపిక చెల్లదని రేపు ఎవరైనా ప్రశ్నించిన యెడల సంస్థకు ఇబ్బంది కలుగుననీ దాని సారాంశం. కింద సోమాచారి సంతకం.

హయగ్రీవరావు గారు రెండుసార్లు చదివారు. ‘రేపు ఎవరైనా ప్రశ్నించిన యెడల’ అన్నచోట ఆయన వేలు ఆగిపోయింది. ఆ వేలు అక్కడి నుంచి కదలలేదు.

“కాని ఏమీ చెయ్యకపోవడాన్ని ఎలా పరీక్షిస్తాం?” అన్నారు చివరికి.

“ఆ విషయంలో మన సంస్థకు సుదీర్ఘమైన అనుభవం ఉంది అధ్యక్షా,” అన్నాడు భూతద్దం సభ్యుడు. ఆయన వేళాకోళానికి అనలేదు. మిగిలినవాళ్లు తలలూపారు.

తీర్మానం అయిపోయింది. ఏ పరీక్షకైనా ఫలితం నిలిచే కాలమే పరిశీలన కాలమని పాత ఉత్తర్వులోనే ఉంది. పాలిష్ రెండేళ్లు నిలుస్తుంది కాబట్టి, పాలిష్ పెట్టకపోవడాన్ని కూడా రెండేళ్లు పరిశీలించాలి. నాలుగువందల ఆరు వాహనాలనూ పరిశీలించాలి. అంతవరకూ ఏ ప్యాడూ ఏ వాహనాన్నీ తాకరాదు. శాంతకుమారి గారు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. ఏడుగురూ సంతకాలు పెట్టారు.

సోమాచారి పెట్టె సర్దుకుంటూ మీటరు చివరిసారి నల్లకారుకు ఆనించాడు. ఇసక గీతలున్నాయి, ఎండలో చూస్తే మునుపటికంటే ఎక్కువే ఉన్నాయి. కాని అంకె నూట పదమూడు. ఒక్క మచ్చ తప్ప తోలంతా నిలిచింది. “గీతలుంటే ఉండనీండి. పొర ఉంది, ఎప్పుడన్నా తియ్యొచ్చు,” అన్నాడు కోటిలింగంతో. ఆ మచ్చ సంగతి ఆటోనగర్‌లో తనే ముందు చెప్పేశాడు. పక్క షాపువాడు దగ్గలేదు. కుర్చీ లాగి వేసి టీ తెప్పించాడు.

కాంతి పక్షోత్సవం వచ్చింది. పదహారో పరీక్ష అట్టహాసంగా మొదలైంది. రోజూ పదకొండున్నరకు సభ్యులు నల్లకారు చుట్టూ మూడు మూరల దూరంలో నిలబడి, పది నిమిషాలు ఏమీ చెయ్యకుండా చూస్తారు. ఎవరు ఎక్కడ పరీక్ష ప్రారంభించారో వారు అక్కడే నిలబడి పరిశీలించాలని నియమం. సగటు పౌరుడి తరఫున డ్రైవర్‌ని కూడా నిలబెట్టాలని సర్క్యులర్‌లో ఉంది. కోటిలింగం తన జానెడు చోటు ఎదుట నిలబడతాడు. మీసం దువ్వుకోవడం కూడా అక్కడే కానిస్తున్నాడు. హయగ్రీవరావు గారు బానెట్ అంచు దగ్గర, తాము స్వహస్తాలతో ప్రారంభించిన చోట, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతారు.

ఫలితాలు రిజిస్టరులో ఎక్కించేది శాంతకుమారి గారు. రెండేళ్లపాటు సెలవులు తప్ప ప్రతిరోజూ ఆమె ఎక్కించాల్సిన వాక్యాలు రెండే:

“డ్రైవరు ముఖము: కనబడినది, మీసముతో సహా. అధ్యక్షుల వారి ముఖము: కనబడలేదు.”